కొండ కింద గ్యాస్ నిల్వ: దాని భద్రత చూసేది ఎవరు?

మల్కాపురం మురళి
మంగళవారం పొద్దున్న పదకొండింటికి విశాఖ మల్కాపురంలో, మా వీధిలో సైరన్ మోగింది. రెండు నిమిషాలు ఆగకుండా ఒకటే మోత. మా నాన్నమ్మకి 82 ఏళ్లు. 1997 సెప్టెంబరులో రిఫైనరీ మంటలప్పుడు నన్ను చంకనేసుకుని గాజువాక దాకా నడిచిన మనిషి. మొన్న కూడా ఎవర్నీ ఏమీ అడగలేదు, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డెక్కేసింది. శ్రీహరిపురం మలుపు దగ్గర పక్కింటివాళ్లు చూసి తీసుకొచ్చారు. ఆ రాత్రంతా ఆవిడకి నిద్ర లేదు.

తర్వాత తెలిసింది, ఒక కంపెనీవాళ్ల టెస్టింగ్ అంట. పేరు రాయను. ఫోన్ చేసి అడిగితే "రొటీన్ అండీ" అని పెట్టేశారు. ముందురోజు ఒక ఆటోకి మైకు కట్టి చెప్తే ఏం పోయేది?

నా అసలు ప్రశ్న వేరే. డాల్ఫిన్స్ నోస్ అవతల కొండ కింద గ్యాస్ నిల్వ ఉందని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. అమెరికాలో ఇలాంటి భూగర్భ గ్యాస్ నిల్వ ఒకటి నెలల తరబడి లీకైందని ఈమధ్య చదివాను. అలాంటివాటికి రూల్స్ ఎవరు పెడతారు, ఎవరు చెక్ చేస్తారు? మన కొండ సంగతి ఎవరు చూస్తున్నారు?

సింధియా శ్రీను
నాన్నమ్మగారు ఇప్పుడెలా ఉన్నారు? అది ముందు చెప్పు తమ్ముడూ.

రెండోది, ఈ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి "మల్కాపురం కింద బాంబు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఉంటారు, జాగ్రత్త. నేను ఈ కంపెనీల్లోనే కాంట్రాక్టు పని చేసి ఇద్దరు పిల్లల్ని చదివించాను. ఊరికే భయపెడితే ఫ్లాట్ల రేట్లు పడిపోవడం తప్ప ఇంకేం జరగదు.

మల్కాపురం మురళి
బానే ఉంది అన్నా. నిన్నటి నుంచి చెప్పుల జత తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటోంది.

డౌట్ల దుర్గ
కొండ కింద ఉన్నది గ్యాసా, క్రూడా? మా మావయ్యేమో క్రూడ్ ఆయిల్ అంటాడు.

రాళ్ల రావు
రెండూ ఉన్నాయమ్మా, వేర్వేరు గుహల్లో. 30 ఏళ్లు సొరంగాల్లో తిరిగినవాణ్ణి, కాస్త వివరంగా రాస్తాను.

మొదటిది ఎల్‌పీజీ గుహ. సౌత్ ఏషియా ఎల్‌పీజీ కంపెనీది, హెచ్‌పీసీఎల్, ఫ్రాన్స్‌వాళ్ల టోటల్ కలిసి కట్టించినది. సముద్రమట్టానికి 160 మీటర్లకు పైగా లోతున రాయిని తొలిచారు. 60,000 టన్నులు పడుతుంది. మన వంటింటి సిలిండర్ 14.2 కిలోలు కదా, ఆ లెక్కన 42 లక్షల సిలిండర్లు. రెండోది ప్రభుత్వం అత్యవసరానికి దాచుకునే ముడిచమురు నిల్వ, 13.3 లక్షల టన్నులది.

మురళీ, నువ్వు చదివిన అమెరికా నిల్వ ఈ రెండిట్లో ఏ రకమూ కాదు. అక్కడ పెట్టింది సహజవాయువు, అంటే మీథేన్. దాన్ని నిల్వ చేయడానికి మూడు దారులున్నాయి. గ్యాసో నూనెనో తీసేశాక ఖాళీ అయిన పాత పొరల్లోకి మళ్లీ ఎక్కించడం, నీటి పొరల్లోకి ఎక్కించడం, ఉప్పు పొరల్ని నీళ్లతో కరిగించి చేసిన గదుల్లో పెట్టడం. మన దేశంలో అలాంటి సహజవాయువు నిల్వ ఇంకా నడవడం లేదు. పెట్టాలన్న మాటైతే కొన్నేళ్లుగా వినబడుతోంది.

మన గుహకి లోపల స్టీలు రేకు తాపడం ఉండదు. గ్యాస్‌ని పట్టి ఉంచేది నీళ్లు. రాయి పగుళ్లలో ఉన్న నీటి ఒత్తిడి లోపలి గ్యాస్ ఒత్తిడికన్నా ఎప్పుడూ ఎక్కువుండాలి. పది మీటర్ల నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి, కాబట్టి 160 మీటర్లకి దాదాపు 16 బార్లు. ఎల్‌పీజీలో ఉండే ప్రొపేన్ ఒత్తిడి మన వేడికి పది, పదకొండు బార్ల దగ్గరుంటుంది. అందుకని నీరే లోపలికి ఊరుతుంది, గ్యాస్ బయటికి రాలేదు. ఊరిన నీటిని పంపులతో తోడేస్తారు. గుహ పైన వరసగా బోర్లు తొలిచి నీళ్లు ఎక్కిస్తూ ఉంటారు, దాన్ని వాటర్ కర్టెన్ అంటారు.

డౌట్ల దుర్గ
మరి ఎండాకాలం భూమిలో నీళ్లు దిగిపోతే?

రాళ్ల రావు
మంచి ప్రశ్న. నీళ్లు ఎక్కించేది అందుకే. చుట్టూ కొలత బోర్లు పెట్టి మట్టం చూస్తూనే ఉంటారు. దగ్గర్లో ఎవరైనా లోతుగా బోర్లు వేసి తెగ తోడేస్తే ఆ మట్టం మీద దెబ్బ పడుతుంది, కాబట్టి అది కూడా కాపలా కాయాల్సిన విషయమే. నన్నడిగితే ఈ గుహ భద్రత మొత్తం ఆ నీటిమట్టం రీడింగులోనే ఉంది. ఆ పుస్తకం బయటివాడు కూడా తిరగేయాలి, రాసినవాడు ఒక్కడే చూసుకుంటే చాలదు.

హ్యూస్టన్ పద్మ
మాది కంచరపాలెం, పదిహేనేళ్లుగా ఇక్కడ గ్యాస్ బావుల పనిలో ఉన్నాను. మురళిగారు చదివింది అలిసో కాన్యన్ గురించి అయ్యుంటుంది. లాస్ ఏంజెలెస్ పక్కన, కొండల్లో.

2015 అక్టోబరు 23న లీకు బయటపడింది. 2016 ఫిబ్రవరిలో గానీ మూయలేకపోయారు. పైనుంచి బరువైన మట్టినీళ్లు పోసి ఆపుదామని ఏడుసార్లు చూశారు, కుదరలేదు. చివరికి పక్కనుంచి ఇంకో బావి తవ్వుకుంటూ వెళ్లి అడుగున దాన్ని అందుకుని సిమెంటు నింపారు. లక్ష టన్నుల దాకా మీథేన్ గాలిలో కలిసింది. 8,000 కుటుంబాలకి పైగా ఇళ్లు వదిలి వెళ్లాయి. గ్యాస్‌లో కలిపే వాసన మందుకి తలనొప్పులు, ముక్కునుంచి రక్తం అని జనం మొత్తుకున్నారు.

ఆ బావి 1953లో నూనె కోసం తవ్వినది. తర్వాత నిల్వకి మార్చారు. బావి అడుగున ఒక సేఫ్టీ వాల్వ్ ఉండేది, 1979లో దాన్ని తీసేశారు, మళ్లీ పెట్టలేదు. లోపలి సన్న గొట్టంలోంచే కాకుండా దాని చుట్టూ ఉన్న కేసింగ్ గొట్టంలోంచి కూడా గ్యాస్ నడిపారు. అంటే గ్యాస్‌కీ మట్టికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ బయటివైపు భూగర్భజలం తగిలి తుప్పు పట్టింది. తర్వాత విచారణలో తేలిందేమిటంటే, ఆ ఫీల్డులో అంతకుముందే 60కి పైగా కేసింగ్ లీకులు జరిగాయి, ఒక్కదానికీ ఎందుకు జరిగిందని లోతుగా వెతకలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

సింధియా శ్రీను
అమెరికావాడికి కూడా రూల్స్ లేవా అమ్మా?

హ్యూస్టన్ పద్మ
పైనున్న పైపులకి ఉండేవి. బావి లోపలికి మాత్రం కేంద్రం తరఫున రూలే లేదు శ్రీనుగారూ, రాష్ట్రాలకి వదిలేశారు. అలిసో తర్వాత 2016 జూన్‌లో చట్టం వచ్చింది, అదే డిసెంబరులో పైప్‌లైన్ల భద్రత చూసే ఫెడరల్ సంస్థ తాత్కాలిక రూల్ తెచ్చింది, పక్కా రూల్ 2020 ఫిబ్రవరిలో. ఇండస్ట్రీ తనకి తాను రాసుకున్న రెండు ప్రమాణాలున్నాయి, ఉప్పు గుహలకి ఒకటి, పాత పొరలకి ఒకటి. అంతవరకు "పాటిస్తే మంచిది" అన్నట్టు ఉండేవాటిని చట్టంలోకి తెచ్చారు. కాలిఫోర్నియా ఇంకా గట్టిగా పట్టుకుంది: ఒక గోడ పోయినా రెండోది ఉండాలి, బావి గట్టిదనానికి రెండేళ్లకోసారి పరీక్ష, ఒత్తిడి మీద ఎప్పుడూ కన్ను.

ఇది అలిసోతోనే మొదలవలేదు. 2001 జనవరిలో కాన్సాస్‌లో హచిన్సన్ అనే ఊళ్లో నడిబొడ్డున భూమిలోంచి గ్యాస్ తన్నుకొచ్చి పేలింది, మర్నాడు ఇంకోచోట ఇద్దరు చనిపోయారు. ఆ గ్యాస్ వచ్చింది ఊళ్లోంచి కాదు. దాదాపు 11 కిలోమీటర్ల అవతల ఉప్పు గుహల నిల్వ ఉంది, అక్కడ ఒక బావి కేసింగ్ దెబ్బతిని రాతి పొరలెంట పాక్కుంటూ వచ్చింది. ఊళ్లో ఎవరూ వాడని, మర్చిపోయిన పాత ఉప్పునీటి బావుల్లోంచి పైకి లేచింది.

డౌట్ల దుర్గ
11 కిలోమీటర్లా! అంటే మల్కాపురం నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాటి పోతుందేమో.

కోనసీమ కొబ్బరి
పద్మగారి పోస్టు చదివి ఒళ్లు జలదరించింది. మావి మర్చిపోయిన పాత బావులున్న ఊళ్లే. పాశర్లపూడి బ్లోఅవుట్, అంటే బావి అదుపు తప్పి గ్యాస్ ఎగజిమ్మి అంటుకోవడం, 1995లో, నేను మూడో తరగతి. రెండు నెలలకి పైగా ఆ మంట ఆరలేదు, రాత్రిపూట దీపం అక్కర్లేకుండా ఇంటి ముందు కనబడేది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలింది, 20 మందికి పైగా పోయారు. తుప్పు పట్టిన లైను. రేపు సహజవాయువుని పాత బావుల్లో దాస్తాం అంటే ముందుగా చూసేది మా వైపే కదా. ఇప్పుడే అడగాలి, బావి తవ్విన రికార్డులు మొత్తం ఉన్నాయా అని.

సింధియా శ్రీను
నగరం వేరు, మన గుహ వేరు. అన్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? రావుగారే చెప్పారు కదా నీళ్లు కాపలా అని.

పాత ఫైర్ సత్యం
శ్రీను చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. నేను ఫ్యాక్టరీల ఫైర్ సర్వీసులో రిటైరయ్యాను. 1997లో ఆ ఆదివారం పొద్దున్న అంటుకున్నది భూమి మీదున్న ఎల్‌పీజీ గోళాలు. 60 మంది దాకా చనిపోయారు. భూమి లోపల గాలి లేదు, నిప్పు లేదు, పక్క ట్యాంకు వేడి తగలదు. కొండ కిందకి దించడం తెలివైన పనే, నేను ఇప్పటికీ అదే అంటాను.

కానీ గ్యాస్ గుహలోనే ఉండిపోదు కదా. ఓడ నుంచి దిగాలి, పైపులో రావాలి, పంపుతో పైకి లేవాలి, ట్యాంకర్లలోకి ఎక్కాలి. ప్రమాదం ఉన్నది అక్కడ. 1992లో టెక్సస్‌లో బ్రెన్‌హామ్ అనే చోట గుహ పట్టేదానికన్నా ఎక్కువ నింపేశారు, ఎల్‌పీజీ పైకి పొంగి పల్లంలో పరుచుకుని పేలింది, ముగ్గురు పోయారు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు. మీథేన్‌లాగా పైకి పోదు. మన దగ్గరైతే గెడ్డలోకి, అంటే వాగులోకి దిగి, గెడ్డ ఎటు పోతే అటు పోతుంది. గెడ్డ పక్కన ఇళ్లెన్నున్నాయో మీకు తెలుసు.

మురళీ, నీ సైరన్ ఒకే గొంతుతో మోగిందా, ఎగుడుదిగుడుగా మోగిందా?

మల్కాపురం మురళి
ఒకే గొంతు. ఎక్కడా తగ్గలేదు, పెరగలేదు.

పాత ఫైర్ సత్యం
అయితే అది టెస్టే. మేము నేర్చుకున్నది ఇది: ఎగుడుదిగుడుగా రెండు నిమిషాలు మోగితే పెద్ద మంట. అదే మోత మధ్యలో గ్యాప్ ఇచ్చి మూడుసార్లు వస్తే విపత్తు. ఒకే గొంతుతో రెండు నిమిషాలు మోగితే టెస్ట్, లేదా ప్రమాదం తప్పిందని. లోపల పనిచేసే ప్రతివాడికీ ఇది నోటికి వచ్చు. గోడ ఇవతల ఉన్న మీ నాన్నమ్మకి ఎవరూ చెప్పలేదు.

మల్కాపురం మురళి
సత్యంగారూ, నేను ఇక్కడే పుట్టి పెరిగాను, 30 ఏళ్ల నుంచి వింటున్నాను ఆ సైరన్లు. ఈ తేడా ఇవాళే తెలిసింది.

వెంకటాపురం వాణి
మాది ఆర్ఆర్ వెంకటాపురం. 2020 మే 7, ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకైన రోజు, తెల్లవారుజామున మూడు గంటలు. ఏ సైరనూ వినలేదు. ఘాటు వాసనకి లేచాం. ఎటు పరిగెత్తాలో తెలీక గాలి వచ్చే వైపే కొంతదూరం పోయి మళ్లీ వెనక్కి వచ్చాం. అమ్మ రోడ్డు పక్కనే పడిపోయింది, ఎవరో బండి మీద వేసుకుని కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్లారు, బతికింది. మా వీధిలో అందరికీ ఆ అదృష్టం లేదు. మీ నాన్నమ్మ అనవసరంగా పరిగెత్తిందని ఎవరైనా నవ్వితే నా దగ్గరకి పంపండి.

సింధియా శ్రీను
ఎవరూ నవ్వలేదమ్మా. నేను ముందు రాసిన మాట గట్టిగా రాశానేమో.

పాత ఫైర్ సత్యం
వాణమ్మ చెప్పింది ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రిపోర్టులో కూడా ఉంది, ఆ రాత్రి సైరన్ మోగించలేదని. మోగించడానికి బటన్లు చాలాచోట్ల ఉండి కూడా.

గాజువాక గౌరి
ఇదంతా సరే, మురళి అడిగినదానికి జవాబు ఇంకా రాలేదు. మన దగ్గర ఎవరు చూస్తారు?

పాత ఫైర్ సత్యం
రాస్తాను టీచరుగారూ. లైసెన్సు ఇచ్చేది పెసో, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, హెడ్డాఫీసు నాగపూర్. ఎలా కట్టాలి, ఎలా నడపాలి అన్న ప్రమాణాలు రాసేది, ఆడిట్‌కి వచ్చేది ఓఐఎస్‌డీ, చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్, అది పెట్రోలియం శాఖ కింద ఉంటుంది. పైప్‌లైన్లకి పీఎన్‌జీఆర్‌బీ, పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు రాష్ట్రం మనిషి. ఇంతమంది ఉన్నారు, అయినా మనకి నేరుగా పనికొచ్చే కాగితం ఒకటే, ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి మీద 1989లో వచ్చిన రూల్స్. భోపాల్ తర్వాత వచ్చాయి.

దాని ప్రకారం కంపెనీ తన గోడ లోపల ప్లాన్ రాసుకుని ఆరు నెలలకోసారి డ్రిల్ చేయాలి. గోడ బయట ప్లాన్ రాయాల్సింది జిల్లా అధికారులు, అంటే కలెక్టరు తరఫున. ఏడాదికి ఒక్కసారైనా దానికీ డ్రిల్ జరగాలి. అన్నిటికన్నా ముఖ్యం రూల్ 15. ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశమున్న జనానికి, ఏ ప్రమాదం, ఏం చేయాలి, ఏం చేయకూడదు అని ముందే చెప్పాలి. చెప్పాల్సిన బాధ్యత కంపెనీదే, మనం వెళ్లి బతిమాలుకోవక్కర్లేదు.

డౌట్ల దుర్గ
రూల్ 15 అంటే 1989 నుంచి ఉందా! మా ఇంటికి గ్యాస్ బుక్కింగ్ మెసేజ్ వస్తుంది గానీ ఇది ఎప్పుడూ రాలేదు.

హ్యూస్టన్ పద్మ
ఇక్కడా అంతే జరిగింది దుర్గగారూ, అలిసో పక్కన ఇళ్లు కొనుక్కున్న చాలామందికి కొండ మీద గ్యాస్ నిల్వ ఉందనే తెలీదు. రూల్ బలం రాసినవాడి చేతిలో సగమే. మా దగ్గర రూల్ వచ్చాక ఇన్‌స్పెక్టర్లు బావి రికార్డులు అడగడం మొదలెట్టారు, అప్పుడు గానీ కొన్ని బావులకి కాగితాలు సరిగా లేవని బయటపడలేదు. అడిగే మనిషి ఉంటే కాగితం పుడుతుంది.

కోనసీమ కొబ్బరి
సమాచార హక్కు వేస్తే? పది రూపాయలు, 30 రోజులు.

రాళ్ల రావు
వేయొచ్చు, కానీ చూసి అడగాలి. పక్కనే నేవీ. గుహ మ్యాపు, పైపుల దారి అడిగితే దేశ భద్రత అని తిప్పి పంపుతారు, అందులో తప్పు కూడా లేదు. గోడ బయటి ప్లాన్‌లో మన వీధికి ఏం రాశారు, గత మూడేళ్లలో బయటి డ్రిల్ ఎప్పుడెప్పుడు చేశారు, దాంట్లో ఏ లోపాలు రాసుకున్నారు, రూల్ 15 కింద ఏ కాలనీకి ఏ తేదీన సమాచారం ఇచ్చారు. ఇవి అడుగు. వీటిలో రహస్యం ఏమీ లేదు.

సింధియా శ్రీను
రావుగారూ, నేనూ ఒకటి కలుపుతాను. కాంట్రాక్టు వర్కర్లకి డ్రిల్‌లో చోటుందా అని కూడా రాయించండి. పర్మనెంట్ వాళ్లకి ట్రైనింగ్ ఉంటుంది. మేము ప్లాంటు ఆపి రిపేర్లు చేసే ఒక షట్‌డౌన్‌కి వస్తాం, 20 రోజులుంటాం, పోతాం. గేటు దగ్గర అరగంట వీడియో చూపించి లోపలికి పంపుతారు, అది కూడా హిందీలో. మొదట్లో నేను కంపెనీల తరఫున మాట్లాడినట్టు అనిపించి ఉంటుంది. నా భయం పని పోతుందని. కానీ ఏదైనా జరిగితే ముందు ఉండేది మేమే.

గాజువాక గౌరి
ఇది చాలా మంచి పాయింటు శ్రీనూ.

సత్యంగారూ, పిల్లలకి చెప్పడానికి నాలుగు ముక్కలు రాయండి. మా స్కూలు రోడ్డుకి ఇవతలే.

పాత ఫైర్ సత్యం
ఎల్‌పీజీ వాసన గట్టిగా వస్తే స్విచ్ వేయకూడదు, ఆపకూడదు కూడా. బండి స్టార్ట్ చేయకూడదు, ఫోన్ బయటికి తీయకూడదు. గాలి ఎటు వీస్తోందో చూసి, దానికి అడ్డంగా నడవాలి, పల్లానికి కాదు, మెరకకి. గెడ్డ గట్టున అసలు నిలబడకూడదు. జెండా లేకపోతే కొబ్బరాకు చూడమనండి, గాలి ఎటో చెప్తుంది. వాణమ్మ గాలికి ఎదురుగా కొంతదూరం పోయానంది, ఆ చీకట్లో ఎవరికైనా అదే జరుగుతుంది, అందుకే పగలే ఒకసారి నడిచి చూసుకోవాలి. ఇది ఎల్‌పీజీకి. వేరే గ్యాస్‌కి వేరే జాగ్రత్తలుంటాయి, ఏ గోడ వెనక ఏముందో తెలిస్తే గానీ చెప్పలేం.

వెంకటాపురం వాణి
గౌరిగారూ, పిల్లలకి చెప్పేటప్పుడు ముసలివాళ్లని ఎవరు పట్టుకోవాలో కూడా చెప్పండి. ఆ రాత్రి మా వీధిలో అది ఎవరూ అనుకోలేదు.

మల్కాపురం మురళి
సమాచార హక్కు దరఖాస్తు నిన్న రాత్రి కూర్చుని రాశాను. రావుగారు చెప్పిన నాలుగు ప్రశ్నలు, శ్రీనన్నది ఐదోది. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంది కదా, సైరన్ టెస్ట్ చేసేముందు చుట్టుపక్కల వార్డులకి మైకులో చెప్పాలని విడిగా ఒక అర్జీ కూడా పెడుతున్నాను. సంతకాలకి మా వీధిలో తిరిగితే ఒక్క పూటలో 41 వచ్చాయి. ఎక్కువమంది అడిగింది "సైరన్ రకాలుంటాయా?" అని.

గాజువాక గౌరి
సైరన్ రకాలు చార్టు మీద తెలుగులో రాయించాను, ఎనిమిదో తరగతి పిల్లలు రాశారు. సత్యంగారు ఒకసారి చూసి తప్పుంటే చెప్పాలి. అర్జీ మీద నా సంతకం కూడా కావాలి, సోమవారం ఎన్నింటికి?

మల్కాపురం మురళి
తొమ్మిదిన్నరకి గేటు దగ్గర ఉంటానండీ.

సింధియా శ్రీను
నేనూ వస్తున్నా. డ్యూటీ మార్చుకున్నాను.

మల్కాపురం మురళి
రా అన్నా. నాన్నమ్మ కూడా వస్తానంటోంది, అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆవిడదే. ఆటో మాట్లాడాను, దారిలో నీ దగ్గర ఆపుతాం.